ఎంతదూరము?

సంధ్యవేళ. గోదావరి కాలువ గట్టున నున్న యొక పల్లెలో పదునైదేండ్ల బాలుడు చెప్పులు తొడిగికొని వీధిలోనికి పోవుచుండెను. "ఎంతదూరము, నాయనా?" అని తల్లి యడిగెను. బయలుదేరువారిని "ఎక్కడికి" అని యడుగుట మన యిండ్లలో ఆచారము కాదు గదా! "ఇక్కడికే" అని యతడు వెనుదిరిగి చూడకయే వెడలిపోయెను.

కొంతసేపటికి పదునాలుగేండ్ల చెల్లెలు నోటుపుస్తకము కొఱకు ప్రక్కవీధిలోని స్నేహితురాలి యింటికి బయలుదేరెను. ఈసారి ప్రశ్న యొక్కటితో ముగియలేదు. ఎవరింటికి? ఆ యింట నెవరున్నారు? ఎప్పుడు వత్తువు? తుదకు, తమ్ముని తోడు తీసికొని పొమ్మనెను. ఆ తమ్మునికి ఏడేండ్లు!

అన్నకు ఆ యొక్క ప్రశ్నయే చిన్నతనముగా తోచెను. చెల్లెలిని బాధించినవి ప్రశ్నలు కావు. అవి అన్నకు లేకుండుట. "అన్నను నమ్మినట్లు నన్నేల నమ్మవు?" అని యామె యడిగెను. "నిన్ను నమ్మక కాదమ్మా, లోకమును నమ్మక" అని తల్లి పలికెను. ఆ మాట సత్యమే. కాని లోకము చేయు తప్పునకు శిక్ష తనకేల యని బాలికకు తోచుటయు సహజమే.

ఇట్టి ప్రశ్నలవలన తల్లిదండ్రులకు నిజముగా తెలియున దెంత? స్వీడను దేశమున హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అను మనశ్శాస్త్రజ్ఞు లిరువురు ఈ విషయమును పరిశోధించిరి. 14 ఏండ్ల పిల్లలను 703 మందిని, వారి తల్లిదండ్రులను ప్రశ్నించి, 2000 సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. పిల్లలనుగూర్చి పెద్దలకు తెలిసినదానిలో ఎక్కువ భాగము అడిగి రాబట్టినది కాదు, కట్టడి చేసి కనుగొన్నదియు కాదు. పిల్లలు తమంతట తాము వచ్చి చెప్పినది. పెద్దలు తమ్ము మితిమీరి అదుపుచేయుచున్నారని తలచు పిల్లలలో నడవడి చిక్కులు అధికముగా కనబడెను. ఇందు ఏది కారణమో ఏది కార్యమో ఆ లెక్క యొక్కటియే తేల్పజాలదు. అయినను, పెద్దల నియమము పిల్లల మనస్సునకు ఎట్లు తోచుచున్నదో యదియు గణింపదగినదని స్పష్టమయ్యెను.

మన పల్లెలలో ఈ మాటకు బరువు ఇంకను హెచ్చు. ఉన్నత పాఠశాల దూరమున నున్నది. దారిలో ఆకతాయి యొకడు బాలికను వెంబడించి వెక్కిరించును. ఆమె ఇంట చెప్పునా? చెప్పినచో, వానిని మందలించుటకు మారుగా తన్నే బడి మాన్పింతురేమో! బడి మానిన పిల్లకు సంబంధములు చూచుట యారంభమగును. 18 ఏండ్లు నిండని బాలికకు వివాహము చేయరాదని 2006 నాటి చట్టము శాసించుచున్నను అట్టి పెండ్లిండ్లు పూర్తిగా ఆగలేదు. కావున ఆమె నోరు మెదపదు. రక్షణకై పెట్టిన కట్టడియే ఆమెను ఒంటరిని చేయును.

అడుగువారు లేని మగపిల్లవాడు సుఖపడుచున్నాడా? మన దేశమున నీట మునిగి మరణించువారిలో పురుషులే మిక్కిలి ఎక్కువ. ఈత రాకున్నను తోటివారు నవ్వుదురని కాలువలో దుముకువారు కలరు. "మగపిల్లవాడు, వానికేమి?" అని యూరకుండిన తల్లిదండ్రులకు పిదప మిగులునది దుఃఖమే. భయమును చెప్పుకొనుట మగవాని లక్షణము కాదని వానికి చిన్ననాడే నేర్పుదురు. ఇది మరింత హాని.

ఆ రాత్రి తల్లి కుమార్తెను ఏమియు అడుగలేదు. ఇద్దరును పెరటిలో గిన్నెలు తోముచుండిరి. చాలసేపటికి బాలిక, బడి దారిలో వంతెనయొద్ద పదిదినములుగా జరుగుచున్న దానిని మెల్లగా చెప్పెను. తల్లి చేతిలోని చెంబు క్రింద పెట్టి తుదివరకు వినెను. బడి మాట యెత్తలేదు. "రేపు నేనును వంతెనదాక వత్తును. వాడెవడో చూపుము" అనెను.

పిమ్మట లోపలికి తిరిగి, "ఒరే నాయనా, సాయంకాలము నీవు పోయినది ఎంతదూరము? ఎవరెవరు వచ్చిరి?" అని కేకవేసెను.

అన్న తెల్లబోయి గుమ్మములోనికి వచ్చెను. చెల్లెలు తలవంచుకొని గిన్నె తోముచునే యుండెను గాని, నవ్వు మాత్రము దాగలేదు.