పురాణము – మిథ్య – పరమతము

బొగ్గుగనులకు పేరుపడిన బెల్లంపల్లిలో 1920వ దశకము చివర త్రవ్వకములు మొదలైనవి. నాటినుండి కాజీపేట – బల్హార్షా రైలుమార్గము వెంట నానాదిక్కుల జనులు వచ్చి యచ్చట కాపురముండిరి. కార్మికుల నివాసపంక్తులలో ఒకరి వాకిట తులసికోట యుండును. ప్రక్కయింటి గోడపై సిలువ యుండును. ఆ పై యింట నమాజు జరుగును. గనిలోనికి దిగిన పిమ్మట మువ్వురి ప్రాణములును ఒకే కప్పు క్రింద నుండును.

అట్టి చోట నొక బాలుడు బడినుండి వచ్చి, “తాతా, మన భాగవతము మైథాలజీ యట, అనగా అబద్ధమా?” అని యడిగెననుకొందము. తాత నొచ్చుకొని, “మనది కాదు బిడ్డా, వారి గ్రంథములే కట్టుకథలు” అనుట సులభము. కాని యా మాట గోడదాటి పొరుగింట వినబడును. మరునాడు ఆ పొరుగువాని ప్రక్కనే నిలిచి పని చేయవలెను గదా! కావున క్రైస్తవాది మతములను మైథాలజీ యనవచ్చునా యను ప్రశ్న పండితుల వాదమునకు మాత్రమే చెందినది కాదు. గృహస్థుని వాకిటి ప్రశ్న.

మొదట పదమును పరిశీలింపవలెను. ‘మైథాలజీ’ యనునది ‘మూథోస్’ అను గ్రీకు పదమునుండి పుట్టినది. దానికి మాట, కథ అని పూర్వార్థము. ‘మిత్’ అనగానే మన చెవికి ‘మిథ్య’ తోచును గాని, ఆ రెండింటికి ధ్వనిసామ్యమే తప్ప వ్యుత్పత్తిసంబంధము నిరూపితము కాలేదు. కాలక్రమమున ఐరోపావారు తాము విడిచిపెట్టిన దేవతల కథలకు ఆ పేరు నిలిపిరి. అందువలన, నేడును పూజలందుకొను దైవమునకు ఆ పదము వాడినచో, “ఈ దైవము గతించినది” అనిన ధ్వని వినవచ్చును. నొప్పి కలుగుట అందువలననే.

ఆ నొప్పి వైష్ణవులకు క్రొత్తది కాదు. ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యుడైన హోరేస్ హేమన్ విల్సన్ 1840లో విష్ణుపురాణమునకు ఆంగ్లానువాదము ప్రకటించి, దానిని ‘హిందూ మైథాలజీ’ యని శీర్షికలోనే పేర్కొనెను. శ్రీరామానుజులు తమ భాష్యమున ప్రమాణముగా పలుమార్లు గ్రహించిన గ్రంథమది. దానిని లోకమునకిచ్చిన పరాశరమహర్షి యెడ కృతజ్ఞతగా కూరేశుల కుమారునకు పరాశరనామము పెట్టించిరని సంప్రదాయము చెప్పును. ఆచార్యులకు శిరోధార్యమైనది పరులకు కథాసంపుటి యయ్యెను!

అయితే ఐరోపావారు ఈ కొలబద్దను పరులకు మాత్రమే వాడిరనుట సరికాదు. అంతకు ఐదేండ్లు ముందే, 1835లో, జర్మనీ పండితుడు స్ట్రౌస్ తన ‘యేసు జీవితము’ అను గ్రంథమున సువార్తలలోని అద్భుతములను ‘మిత్’ అని వివరించెను. దానివలన గొప్ప కలకలము రేగి, ఆతడు ఉపాధ్యాయపదవినే కోల్పోయెను. మన పురాణమునకు ఆ పేరు తగిలినప్పుడు మనకు కలిగిన బాధయే, తమ సువార్తకు తగిలినప్పుడు వారికిని కలిగినది.

ఈ విషయమున మన శాస్త్రము చూపు మార్గము సూక్ష్మమైనది. మీమాంసకులు వేదములోని అర్థవాదములను మూడు విధములుగా విభజించిరి. యూపస్తంభమును సూర్యుడనుట ప్రత్యక్షవిరుద్ధము గనుక గుణవాదము. అగ్ని చలికి మందనుట తెలిసినదానినే చెప్పుట గనుక అనువాదము. ఇతర ప్రమాణముతో విరోధమును లేక, అన్యథా తెలిసినదియును గాక జరిగిన విషయమును చెప్పునది భూతార్థవాదము. ఈ విధముగా వాక్యమును బట్టి విచారించిరే గాని, గ్రంథమునంతటిని ఒక్క పేరుతో కొట్టివేయలేదు.

ఈ వివేకమునే పరమతముల యెడ చూపవలెను. పొంతి పిలాతు పాలనలో క్రీస్తు మరణదండన పొందెనని రోమక చరిత్రకారుడు టాసిటస్ కూడ వ్రాసెను, అది చరిత్ర. మూడవనాడు ఆయన లేచెననుట క్రైస్తవుల విశ్వాసమునకు మూలస్తంభము. అది కేవలము కథయైనచో తమ విశ్వాసము వ్యర్థమని వారి అపొస్తలుడు పౌలే వ్రాసెను. ముసల్మానులు క్రీస్తును ప్రవక్తగా గౌరవింతురు గాని, ఆయన సిలువపై మరణించెనని ఒప్పుకొనరు. కావున మతములన్నియు నొకే మాట చెప్పుచున్నవనుటయు తొందరపాటే. అన్నియు మిథ్యయనుటయు తొందరపాటే.

మిథ్య యను మాటను శ్రీవైష్ణవుడు మరింత జాగ్రత్తతో వాడవలెను. కంటికి కనబడు జగత్తును మిథ్య యనుటకు ఒప్పుకొనని సిద్ధాంతము మనది. అది భగవంతుని శరీరమని మన నిశ్చయము. ముత్యపుచిప్పను చూచి వెండి యనుకొన్నవాని జ్ఞానమునందును కొంత యథార్థాంశము కలదని భగవద్రామానుజులు నిరూపించిరి. చిప్పలోని వెండియంశమును కూడ త్రోసిపుచ్చని యాచార్యుని శిష్యులు, పొరుగువాని కన్నీటి ప్రార్థనను శూన్యమని యెట్లు త్రోసివేయుదురు?

గీతాచార్యుడు ఏడవ అధ్యాయమున, ఎవడు ఏ రూపమును శ్రద్ధతో నర్చింపగోరునో వానికి ఆ శ్రద్ధను తానే స్థిరపరతునని చెప్పెను. తొమ్మిదవ అధ్యాయమున, అన్యదేవతలను శ్రద్ధతో పూజించువారును తననే పూజించుచున్నారని చెప్పి, అది విధిపూర్వకము కాదనియు చేర్చెను. ఇందు ఆదరమును కలదు, భేదమును కలదు. ఆదరము కొరకు భేదమును దాచనక్కరలేదు; భేదమున్నదని ఆదరమును విడువనక్కరలేదు.

బెల్లంపల్లికి దక్షిణముగా, గోదావరి కావల, పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట బౌద్ధస్తూపము కలదు. అచ్చటి శిలాఫలకమున ముచిలిందనాగము పడగలెత్తియున్నది. వానలో బుద్ధునకు గొడుగు పట్టిన నాగమని బౌద్ధుల కథ. దానిని చూచిన వైష్ణవునకు ఆదిశేషుడు తలపునకు రాకమానడు. ఆతడు బౌద్ధుడు కానక్కరలేదు. కాని యా శిల్పమును అబద్ధమని నవ్వి పోజాలడు.

కావున తాత మనుమనికి చెప్పవలసిన సమాధానమిది: “బిడ్డా, మైథాలజీ యనునది బయటనుండి చూచువారు పెట్టిన పేరు. లోపలనుండి కొలుచువారికి అది దైవము. మన భాగవతమునకు ఆ పేరు మనము ఒప్పుకొనము. పొరుగువాని గ్రంథమునకును పెట్టము. మన స్వామిని మనము విడువము, వాని స్వామిని నిందింపము.” ఈ మాట గోడదాటి వినబడినను భయము లేదు.