ఖాళీ గడిలో సున్నా రాస్తే గాలి శుభ్రపడుతుందా? గురుగ్రామ్ కొలతలతో ఒక ఎస్‌క్యూఎల్ పాఠం

గురుగ్రామ్‌లో వికాస్ సదన్, సెక్టార్ 51, టెరి గ్రామ్, గ్వాల్ పహాడీ కేంద్రాలు గాలిలోని పీఎం 2.5 సూక్ష్మధూళిని నిరంతరం కొలుస్తుంటాయి. ఆ కొలతలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి చేరతాయి. ఒక్కో కేంద్రానికి గంటకో వరుస చొప్పున రోజుకు 24 వరుసలున్న పట్టికను ఊహించుకోండి. దాని నుంచి సగటు తీయడానికి ఏవీజీ, లెక్కపెట్టడానికి కౌంట్, కూడడానికి సమ్ వాడతాం. అనేక వరుసలను ఒక్క అంకెగా కుదించే వీటిని అగ్రిగేట్ ఫంక్షన్లు అంటారు.

ముందుగా స్పేస్ తగాదా. మైఎస్‌క్యూఎల్‌లో సమ్ అని రాసి, ఒక స్పేస్ వదిలి బ్రాకెట్ తెరిస్తే, అలాంటి ఫంక్షనే లేదని జవాబు వస్తుంది. స్పెల్లింగ్ ఎంత వెతికినా తప్పు దొరకదు. సమ్, కౌంట్ వంటి పేర్లను కాలమ్‌లకు కూడా పెట్టుకునే వీలు అక్కడ ఉంది. అందుకే పేరు పక్కనే బ్రాకెట్ ఉంటేనే దాన్ని ఫంక్షన్‌గా గుర్తిస్తుంది. విచిత్రంగా ఏవీజీకి ఈ పట్టింపు లేదు. పోస్ట్‌గ్రెస్‌లో దేనికీ లేదు. ఇగ్నోర్ స్పేస్ అనే అమరికతో దీన్ని సడలించవచ్చు గానీ, బ్రాకెట్‌ను పేరుకు అంటించి రాస్తే ఏ సర్వర్‌లోనైనా నడుస్తుంది.

ఈ తప్పు విసిగిస్తుందే తప్ప హాని చేయదు. క్వెరీ ఆగిపోతుంది కాబట్టి తప్పుడు అంకె బయటికి రాదు. భయపడాల్సింది నడిచిపోయే క్వెరీలకే.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. పరికరం 14 గంటలు పనిచేసి, ప్రతి గంటా ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు చూపింది. మిగతా 10 గంటలు రాత్రివి, కొలత నమోదు కాలేదు. ఆ వేళ నిజంగా 200 ఉందనుకుందాం. అంటే అసలు సగటు 130. ఖాళీ గడుల్లో నల్ ఉంటే ఏవీజీ వాటిని వదిలేసి 14తోనే భాగిస్తుంది, 80 వస్తుంది. ఎవరో నల్ బదులు సున్నా నింపితే 24తో భాగించి సుమారు 47 అంటుంది. మన దేశంలో 24 గంటల ప్రమాణం 60. ఊపిరాడని రోజు కాగితం మీద మంచి రోజైపోయింది! ఏ దశలోనూ ఎర్రర్ రాలేదు.

కౌంట్(*) అన్ని వరుసలనూ లెక్కించి 24 అంటుంది. కౌంట్(పీఎం25) నల్ కాని వాటినే లెక్కించి 14 అంటుంది. సున్నా నింపిన పట్టికలో రెండూ 24 అయిపోతాయి, లోపం జాడే మిగలదు.

మన వాయు నాణ్యత సూచీ నిబంధన ప్రకారం 24 గంటల సగటుకు కనీసం 16 గంటల కొలతలుండాలి. దాన్ని వేర్ కౌంట్(పీఎం25) >= 16 అని రాస్తే ఎర్రర్ వస్తుంది. వేర్ ఒక్కో వరుసను వడకట్టేటప్పటికి గుంపులు ఇంకా ఏర్పడవు, లెక్కించడానికి ఏమీ ఉండదు. గ్రూప్ బై తర్వాత హ్యావింగ్ కౌంట్(పీఎం25) >= 16 అని రాయాలి. అప్పుడు పై కేంద్రం ఆ రోజు జాబితాలోకి రాదు.

అయితే 16 గంటలున్న కేంద్రానికీ లేని 8 గంటలు రాత్రివే కావచ్చు. శీతకాలంలో రాత్రిపూట గాలి కదలక ధూళి నేలకు దగ్గరగా పేరుకుంటుంది. అందుకే నేనైతే సగటు పక్కన కౌంట్(పీఎం25)ను కూడా తప్పకుండా ముద్రిస్తాను.