ఉసిరికాయ రక్తానికి తోడు

కార్తీకమాసం వస్తే అంగట్లో ఉసిరికాయలు వస్తాయి. ఆ నెలలో ఉసిరిచెట్టు కింద దీపం పెడతారు. వనభోజనాలు చేస్తారు. ఇంట్లో ఉసిరికాయ తొక్కు పెడతారు.

ఉసిరికాయ కాయ మాత్రమే కాదు. మందు కూడా.

ఆయుర్వేదంలో ఉసిరిని ఆమలకి అంటారు. ధాత్రి అని కూడా అంటారు. ధాత్రి అంటే తల్లి. రుచులు ఆరు. అందులో ఉప్పు తప్ప మిగిలిన అయిదూ ఉసిరిలో ఉన్నాయని ఆయుర్వేదం చెబుతుంది. అవి పులుపు, వగరు, తీపి, చేదు, కారం.

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపితే త్రిఫల చూర్ణం. దీన్ని మలబద్ధకానికి వాడతారు. చ్యవనప్రాశ లేహ్యంలో ముఖ్యమైనది ఉసిరికాయే.

రక్తం తక్కువైతే ఆయుర్వేదం పాండురోగం అంటుంది. దానికి ధాత్రీ లోహం అనే మందు ఉంది. అందులో ఉసిరి ఉంటుంది. ఇనుము కూడా ఉంటుంది. ఉసిరి ఒక్కటే చాలదని పాతకాలం వైద్యులకూ తెలుసు.

2019-21లో సర్కారు సర్వే చేసింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువ ఉంది. ఆయాసం, నీరసం, కండ్లు తిరగడం దీని గుర్తులు. రక్తం తక్కువ ఉన్న తల్లికి కాన్పులో రక్తం పోతే ప్రాణం మీదికి వస్తుంది.

రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. తోటకూర, మునగాకు, పప్పుల్లో ఇనుము ఉంది. కానీ అది ఒంటికి తొందరగా పట్టదు. విటమిన్ 'సి' ఉంటే బాగా పడుతుంది. 100 గ్రాముల ఉసిరిలో విటమిన్ 'సి' 250 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నిమ్మరసంలో కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ.

ఒక ఇంట్లో అత్తాకోడళ్ల మాటలు వినండి. కోడలికి అయిదో నెల.

"రోజూ ఉసిరికాయ తింటున్నవు గదా బిడ్డా. మల్ల ఈ గోలీలు ఎందుకు?"

"ఉసిరికాయల ఇనుము కొంచెమే ఉంటదట అత్తమ్మా. కూరల ఉన్న ఇనుమును ఒంటికి పట్టిస్తదట. నాకు రక్తం 9 గ్రాములే ఉంది. కూరలతోటి నిండదు, గోలీలు మింగాలె అని నర్సమ్మ చెప్పింది."

"గోలీలు మింగితే దొడ్డికి నల్లగ అయితదంటరు."

"అయితే భయం లేదట."

"సరే బిడ్డా. అన్నం తిన్నంక చాయ్ పెట్టనా?"

"ఇప్పుడే వద్దు అత్తమ్మా. చాయ్ ఇనుమును పట్టనీయదట. గంట ఆగి తాగుత."

గుర్తుంచుకోండి

- ఆకుకూర, పప్పు తినేటప్పుడు ఒక పచ్చి ఉసిరికాయ తినండి. ఉడికిస్తే 'సి' కొంత పోతుంది.
- బి.పి. ఉన్నవాళ్లు తొక్కు తక్కువ తినాలి. అందులో ఉప్పు ఎక్కువ.
- గర్భిణులు డాక్టరును అడగకుండా త్రిఫల, ధాత్రీ లోహం వాడరాదు.
- ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో రక్తం పరీక్ష చేయించుకోండి. గర్భిణికి 11 గ్రాములు, మిగతా స్త్రీలకు 12 గ్రాములు ఉండాలి.

జవాబులు రాయండి

1. ధాత్రీ లోహంలో ఏమేమి ఉంటాయి?
2. కోడలు చాయ్ ఎందుకు వద్దన్నది?
3. మీ ఒంట్లో రక్తం ఎన్ని గ్రాములు? పరీక్ష చేయించుకొని ఇక్కడ రాయండి: ........