దంతాల వరుస – దిద్దుబాటు

ఎత్తుపళ్ళు, వంకరపళ్ళు కేవలం అందానికి సంబంధించిన సమస్య కావు. వాటి సందులలో ఆహారం ఇరుక్కొని చిగుళ్ళు చెడతాయి. వీటిని సరిచేసే శాస్త్రమే ఆర్థోడాంటిక్స్. 1900లో ఎడ్వర్డ్ యాంగిల్ అమెరికాలో దీనికి తొలి పాఠశాలను స్థాపించాడు.

పళ్ళకు అతికించిన బ్రాకెట్ల గుండా సాగే తీగ స్వల్పమైన ఒత్తిడి కలిగిస్తుంది. ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది. రెండవ వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. పన్ను మెల్లగా కదులుతుంది. ఇందుకు సాధారణంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు పడుతుంది.

కల్వకుర్తి విద్యార్థి వైద్యుని ఎన్నుకొనేటప్పుడు రెండు విషయాలు విచారించాలి. మొదటిది అర్హత: బి.డి.ఎస్. తరువాత ఈ విభాగంలోనే మూడేళ్ళ ఎం.డి.ఎస్. చేసి ఉండాలి. రెండవది రాకపోకలు: నాలుగు నుండి ఆరు వారాలకొకసారి తీగను సరిచేయించుకోవాలి. సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకు అన్నిమార్లు వెళ్ళిరాగలమా, మొత్తం ఖర్చు భరించగలమా అని ముందే ఆలోచించాలి. చికిత్సను నడుమ మానివేస్తే పెట్టిన ధనం, పడిన శ్రమ వ్యర్థమవుతాయి.

తీగలున్నంత కాలం చెరకు, సకినాలు, మొక్కజొన్న కంకులు కొరకరాదు. భోజనానంతరం పళ్ళు శుభ్రంగా తోముకోవాలి. తీగలు తీసిన తరువాత వైద్యుడు చెప్పినంత కాలం రిటైనర్ ధరించాలి. లేనిచో పళ్ళు తిరిగి పక్కకు జరుగుతాయి.