మైక్‌సెట్ నుంచి యూనివర్సిటీ దాకా: శబ్దం, రంగస్థలం, ఇంజనీరింగ్ చదువులు

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలోని బాలాహిస్సార్ పైన వినిపిస్తుంది. శబ్దం ఎటు సాగుతుందో గమనించి కట్టడం మన దక్కనుకు కొత్త కాదు. నేడు ఆ విద్య పేరు అకూస్టిక్స్. మసీదులో ఖుత్బా మాటలు ప్రతిధ్వనిలో కలిసిపోకుండా స్పీకర్లు ఎక్కడ బిగించాలో చెప్పేదీ, నాటకశాలలో చివరి వరుసకు మాట చేర్చేదీ అదే.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలో పెళ్లిళ్లకు, సభలకు మైక్‌సెట్ కట్టే పిల్లలు మనకు తెలుసు. ఆ పనికి పెద్ద చదువులున్నాయని వారికి చెప్పేవారే తక్కువ.

ఇంజనీరింగ్, రంగస్థలం ఒకే డిగ్రీలో కలిసిన చదువులు అమెరికాలో ఉన్నాయి. పర్డ్యూ యూనివర్సిటీలో థియేటర్ ఇంజనీరింగ్ అలాంటిదే. మన పిల్లలకు అందుబాటులో ఉన్నది రెండు మెట్ల దారి.

మొదటి మెట్టు: ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ లేదా మెకానికల్, లేదా ఫిజిక్స్‌తో బీఎస్సీ. వనపర్తి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది.

రెండో మెట్టు: పూణేలోని ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ కోర్సు. ఏ డిగ్రీ అయినా సరే, ఇంటర్‌లో ఫిజిక్స్ మాత్రం ఉండాలి. అందుకే ఆ గురి ఉన్నవారికి పాలిటెక్నిక్ కన్నా ఇంటర్ దారే నిశ్చింత. రంగస్థలం వైపు వెళ్లేవారికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉన్నాయి. విదేశాల్లో అకూస్టిక్స్ పీజీ చేయాలంటే తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల రూపాయల వరకు ఆదుకుంటుంది. అది పీజీ, ఆపై చదువులకే కాబట్టి డిగ్రీ ఇక్కడ పూర్తి చేసుకోవడం మేలు.

ఈ దారిలో నడిచినవారున్నారు. కేరళలోని కొల్లం జిల్లా పల్లెలో పుట్టిన రసూల్ పూకుట్టి ఫిజిక్స్‌లో డిగ్రీ చేసి, ఎఫ్‌టీఐఐలో శబ్దవిద్య నేర్చి, 2009లో స్లమ్‌డాగ్ మిలియనీర్ చిత్రానికి సౌండ్ మిక్సింగ్‌లో ఆస్కార్ అందుకున్నారు.

నాటకం, సినిమా అనగానే కొందరు పెద్దలు వెనకాడతారు. వారికి ఒక మాట: ఇది తెర వెనుక సాంకేతిక పని. బరువులు వేలాడదీయడం, కరెంటు భద్రత, ధ్వని లెక్కలు. చేతిలో బీటెక్ ఉంటే వేరే ఉద్యోగానికీ తలుపు తెరిచే ఉంటుంది.

దాతలకు విన్నపం. బీటెక్ ఫీజు దగ్గరే మన సాయం ఆగకూడదు. ప్రవేశ పరీక్ష దరఖాస్తు, పూణేకో ఢిల్లీకో రైలు ఖర్చు, అక్కడ నాలుగు రోజుల బస: ఇంత చిన్న మొత్తం లేకనే పెద్ద అవకాశం చేజారవచ్చు. పదో తరగతి ఫలితాలు రాగానే మీ వీధిలోని మైక్‌సెట్ పిల్లవాణ్ణి, శబ్దమంటే ఆసక్తి ఉన్న ఆడపిల్లను పలకరించండి. ఫిజిక్స్ వదులుకోవద్దని చెప్పండి. ఆ ఒక్క మాటకు ఖర్చేమీ లేదు.