మగ్గం గది సర్దుకుందాం

అమలాపురం దగ్గర బండారులంక ఉంది. చీరల నేతకు పేరున్న ఊరు. ఇలాంటి ఊళ్ళలో పని తగ్గిందంటే మగ్గం గది కాస్తా సామాన్ల కొట్టు అయిపోతుంది. విరిగిన రాట్నం, తాత నాటి నాడెలు, తుప్పు పట్టిన అచ్చులు, జాకార్డు పెట్టె అన్నీ ఒకచోటే.

అలాంటి ఇంట్లో భార్యాభర్తలు గది సర్దుతున్నారు.

"ఏవండీ, ఈ తుక్కంతా పాత ఇనుమాయనకి తూచేద్దామా?" అంది భార్య.

"ఆగవే! చూడకుండా ఎలా ఇచ్చేస్తాం?" అన్నాడు భర్త.

ఆయన మాట సబబే. కాటా మీద అచ్చుకైనా మేకుకైనా ఒకటే ధర. మళ్ళీ అచ్చు కొనాలంటే మాత్రం కిలోల లెక్కన దొరకదు.

మగ్గం గుంటలో ముందుగా చెయ్యి పెట్టకూడదు. కర్రతో కదపాలి. పామో తేలో ఉండొచ్చు. తుప్పు మేకు గుచ్చుకుంటే సబ్బుతో కడిగి, ఆస్పత్రిలో ధనుర్వాతం రాకుండా సూది వేయించుకోవాలి.

కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. అచ్చు పళ్ళు తుప్పు పడితే పడుగు పోగులు తెగుతాయి. బ్రష్షుతో దులిపి, పల్చగా మిషను నూనె రాసి, కాగితం చుట్టాలి. మగ్గానికి ఎక్కించేముందు ఆ నూనె తుడవాలి. లేకపోతే చీరకు మరక. కొబ్బరి నూనె వద్దు. మన ఇళ్ళల్లో చేతికి అందేది అదే, నిజమే. కానీ కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టేస్తుంది.

భార్య రాత్రి బడిలో అంకెలు నేర్చుకుంది. అచ్చు తుడిచి దాని మీది నెంబరు చదివింది. అదే నెంబరు చీటీ మీద రాసి అచ్చుకు కట్టింది.

అసలు జాగ్రత్త జాకార్డు అట్టల దగ్గర. 1804లో ఫ్రాన్సు దేశంలో జాకార్డు అనే ఆయన ఈ యంత్రం తయారు చేశాడు. అట్టకు చిల్లులుంటాయి. చిల్లు ఉన్నచోట సూది దూరుతుంది, పడుగు పోగు పైకి లేస్తుంది. చిల్లు లేనిచోట లేవదు. ఒక్కో పేక పోగుకు ఒక్కో అట్ట. వాటిని వరసగా దారంతో కుడతారు. ఆ దారం చివికి అట్టలు కలిసిపోయాయా, అంచు మీద హంస మెడ ఒకచోట, తోక ఒకచోట! అందుకే అట్టలు విప్పకముందే ప్రతి దాని మీదా 1, 2, 3 అని వరసగా వెయ్యాలి. ఈ పనికే వాళ్ళకి రెండు సాయంత్రాలు పట్టింది.

1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో ఎన్నో ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. వాన నీటికి అట్ట నిలవదు. బాగా ఎండాక ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నేలకు ఎత్తుగా బల్ల మీద పెట్టారు.

చివరికి మిగిలినవి విరిగిన కమ్మీలు, వంగిన మేకులు. కాటా ముల్లు భార్యే చదివింది. తూకం, ధర చీటీ మీద రాసుకున్నాకే ఇనుము బండి ఎక్కింది.