చప్పిడి ముక్కుకి బీమా ఉందా?

పగ్ అంటే కొందరికి తెలియకపోవచ్చు గానీ "హచ్ కుక్క" అంటే మన వైపు తెలియని ఇల్లు ఉండదు. 2003లో హచ్ ఫోన్ కంపెనీ యాడ్‌లో ఒక బుడ్డోడు ఎక్కడికెళ్తే అక్కడికి వెనకాలే నడిచిన కుక్క అది. దాని పేరు చీకా. 2007లో హచ్ కాస్తా వొడాఫోన్ అయింది, 2018లో వొడాఫోన్ వెళ్లి ఐడియాతో కలిసింది. కంపెనీ పేరు ఇన్నిసార్లు మారినా కుక్క మాత్రం హచ్ కుక్కగానే ఉండిపోయింది. ఆ యాడ్ వచ్చేనాటికి మనలో చాలామంది పుట్టనే లేదు. కానీ ఆ మోజులో కొన్న పగ్‌ల మనవలూ మునిమనవలూ ఇప్పుడు బందరులో, గుడివాడలో మేడల మీద పడుకుని గురక పెడుతున్నాయి.

ఆ గురక ముద్దుగా ఉంటుంది. రీల్స్‌లో పెడితే లైకులు కూడా బాగానే వస్తాయి. అసలు అది గురక కాదు, గాలి అందక చేసే చప్పుడు. దాన్ని బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

ముందు ముక్కు సంగతి చూద్దాం. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షీట్జూ, పిల్లుల్లో పెర్షియన్, వీటన్నిటినీ మనుషులే అలా తయారుచేశారు. ముఖం పొట్టిగా ఉన్నవాటిని ఏరి ఏరి తరతరాలుగా జతకట్టించారు. ఎముక పొట్టిదైంది గానీ లోపలున్న మెత్తటి కండ అదే లెక్కన తగ్గలేదు. మన భాషలో చెప్పాలంటే క్యాబినెట్ సైజు సగం చేసి, లోపలి వైర్లు మాత్రం పాత పొడవే ఉంచి మూత బిగించినట్టు. ముక్కు రంధ్రాలు సన్నని చీలికల్లా ఉంటాయి. అంగిలి వెనక మెత్తటి భాగం పొడుగై గాలి వెళ్లే దారికి అడ్డం పడుతుంది. కొన్నిటికి శ్వాసగొట్టమే సన్నగా ఉంటుంది. ఈ మొత్తాన్ని బ్రాకీసెఫాలిక్ అబ్‌స్ట్రక్టివ్ ఎయిర్‌వే సిండ్రోమ్ అంటారు, పొట్టిగా బోయాస్.

ఇందులో ఒక విషయం గుర్తుపెట్టుకోండి, బీమా దగ్గరకొచ్చేసరికి దీంతోనే పని పడుతుంది. బోయాస్ పుట్టినరోజున ఎలా ఉందో అలాగే ఉండిపోదు. సన్నటి స్ట్రాతో సగ్గుబియ్యం పాయసం లాగినట్టు ఆ కుక్క ప్రతి ఊపిరీ బలంగా లాగాలి. ఏళ్ల తరబడి అలా లాగేసరికి స్వరపేటిక దగ్గరి కండ లోపలికి జారి, దారి ఇంకా మూసుకుపోతుంది. అంటే సగం జబ్బు పుట్టుకతో వస్తే, మిగతా సగం ఆ పుట్టుక వల్ల తర్వాత వచ్చింది.

ముక్కుతో అయిపోతుందా అంటే అదీ కాదు. కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి కాబట్టి తొందరగా గీసుకుపోయి పుండ్లు పడతాయి. ముఖం ముడతల్లో చెమ్మ చేరి చర్మం పాడవుతుంది. తోక ముడుచుకుందంటే వెన్నెముక పూసల్లో తేడా ఉండే అవకాశం ఉంది. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2022లో పగ్‌లనీ మిగతా కుక్కలనీ పోల్చి చూసి, ఏదో ఒక జబ్బు ఉండే అవకాశం పగ్‌లకి దాదాపు రెట్టింపు అన్నారు. బోయాస్ ఒక్కటే తీసుకుంటే 54 రెట్లు! ఆరోగ్యం వరకు పగ్‌ని మామూలు కుక్క అనలేం అని కూడా తేల్చారు.

ఇక మన ఊళ్ల సంగతి. "బందరులో విజయవాడంత ఎండ ఉండదు, సముద్రం గాలి కదా" అని పెద్దవాళ్లు అంటారు. మనుషుల మాటేమో గానీ పగ్‌కి ఆ సముద్రం గాలే శత్రువు. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతుంది, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరవుతుంది, ఒంట్లో వేడి దిగుతుంది. గాలిలో తేమ ఇప్పటికే నిండి ఉంటే తడి ఎక్కడికి ఆవిరవుతుంది? పైగా ముక్కే లేని కుక్కకి ఆవిరయ్యే చోటు కూడా తక్కువే. చల్లబడటానికి గట్టిగా రొప్పాలి, రొప్పితే గొంతు వాచి దారి ఇంకా సన్నబడుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. బయటికి రావడానికి బ్రేక్ లేని లూప్ ఇది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటిందంటే ప్రాణం మీదకొచ్చినట్టే. రోహిణి కార్తెలో అవనిగడ్డ నుంచో కోడూరు నుంచో పగ్‌ని తీసుకుని బస్సెక్కే వాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. వడదెబ్బ తగిలితే ముందు చల్లటి నీళ్లు పోసి ఫ్యాన్ గాలి తగలనివ్వాలి, ఆటో కోసం పరుగు ఆ తర్వాతే.

బీమా గొడవలోకి నన్ను దింపింది గుడివాడ మావయ్య. వాళ్ల పగ్‌కి నాలుగేళ్లు. నాలుగు మెట్లు ఎక్కితే నిలబడిపోతోంది. డాక్టరు గారు చూసి అంగిలి కొంచెం కత్తిరించి ముక్కు రంధ్రాలు వెడల్పు చెయ్యాలి అన్నారు. ఇలాంటి కుక్కకి మత్తు ఇవ్వడమే ఒక సాహసం, ఖర్చు కూడా తేలిగ్గా లేదు. మావయ్య ఒక పాలసీ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపి, "ఒరేయ్, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావుగా, ఆపరేషన్‌కి డబ్బులిస్తారో లేదో చదివి చెప్పు" అన్నాడు. కంప్యూటర్లకీ దీనికీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి అనుకున్నాను గానీ, చదువుతుంటే సంబంధం కనపడింది.

పాలసీ అనేది ఒక ఫంక్షన్. మొదటి పేజీల్లో మాటలకి నిర్వచనాలు ఉంటాయి, అవి వేరియబుల్స్. తర్వాత ఏమేం ఇస్తారో. ఆ తర్వాత మినహాయింపులు, అంటే వరసగా ఇఫ్‌లు. ఏ ఒక్కటి నిజమైనా రిటర్న్ జీరో. ఏమేం ఇస్తారు అన్న పేజీ చూసి సంతోషపడితే లాభం లేదు, మినహాయింపుల పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాలి.

పెంపుడు కుక్కల బీమా మన దేశంలో మరీ కొత్తేం కాదు. ప్రభుత్వ కంపెనీల దగ్గర ముందు నుంచీ ఉంది. 2020లో బజాజ్ అలయన్జ్ కుక్కల ఆరోగ్యం కోసం పాలసీ తెచ్చింది, ఆ తర్వాత ఇంకొన్ని కంపెనీలు వచ్చాయి. ఏ కంపెనీది తీసుకున్నా మూడు మాటలు వెతకండి. పుట్టుకతో వచ్చినది. వంశపారంపర్యంగా వచ్చినది. పాలసీకి ముందు నుంచే ఉన్నది. చదవడానికి మూడూ ఒకటే అనిపిస్తాయి, కావు. సన్నటి ముక్కు రంధ్రాలు పుట్టుకతో వచ్చినవి. కంటి జబ్బు వంశంలో ఉండి ఆరో ఏట బయటపడొచ్చు. ముందు నుంచే ఉన్నది అనేది జబ్బు గురించి కాదు, తేదీ గురించి. బ్రిటన్‌లో చాలా పాలసీలు వంశపారంపర్య జబ్బులకి కూడా డబ్బిస్తాయి, కానీ పాలసీ మొదలయ్యేనాటికి ఏ లక్షణమూ కనపడి ఉండకూడదు. మావయ్య పంపిన దాంట్లో మూడు తలుపులూ మూసే ఉన్నాయి.

అది చాలదన్నట్టు, కుక్కకి ఐదో నెలలో టీకా వేసినప్పుడు పుస్తకంలో ఒక ముక్క రాసి ఉంది: "ముక్కు రంధ్రాలు సన్నం, గురక ఉంది." మావయ్య "పగ్ అన్నాక గురక ఉండదేంట్రా, అది జబ్బెలా అవుతుంది?" అన్నాడు. అత్తయ్య మాత్రం సూటిగా "ఆ పేజీ లేకపోతేనో?" అంది. ఆవిడ కష్టం అర్థమవుతుంది, రాత్రుళ్లు దాని పక్కన కూర్చునేది ఆవిడే. కానీ బీమా ఒప్పందంలో తెలిసింది దాచకూడదనేది మొదటి నియమం. అబద్ధం బయటపడితే ఆ ఒక్క ఆపరేషన్ కాదు, రేపు కుక్కని బండి గుద్దినా మొత్తం పాలసీయే చెల్లదనే హక్కు కంపెనీకి వస్తుంది.

కంపెనీ వాళ్లు దుర్మార్గులా? నాకలా అనిపించలేదు, లెక్క వేసి చూశాను కాబట్టి. ఉదాహరణకి ఆపరేషన్ 40,000 రూపాయలు అనుకుందాం. నూరు కుక్కల్లో ఏడాదికి రెండిటికి అవసరమైతే మొత్తం ఖర్చు 80,000, ఒక్కొక్కరి వాటా 800. ఇది బీమా, అందరూ ఇస్తారు. అదే నూటికి యాభై కుక్కలకి అవసరమైతే ఒక్కొక్కరి వాటా 20,000. అప్పుడది బీమా కాదు, వాయిదాల మీద ఆపరేషన్ కొనుక్కోవడం. పైగా గురక పెట్టే కుక్క ఉన్నవాళ్లే పరిగెత్తుకొచ్చి పాలసీ కొంటారు, ఆరోగ్యంగా ఉన్న ఊరకుక్కని పెంచేవాళ్లు రారు. దాంతో ప్రీమియం పెరుగుతుంది, పెరిగేకొద్దీ మిగిలినవాళ్లూ వెళ్లిపోతారు. 1970లో ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త పాత కార్ల మార్కెట్ గురించి చెప్పింది దాదాపు ఇదే, తర్వాత ఆయనకి నోబెల్ కూడా వచ్చింది.

అయినా నాకొక చోట ఒప్పుకోబుద్ధి కాలేదు. మనుషుల ఆరోగ్య బీమాలో ఇదే తగాదా వస్తే 2018లో ఢిల్లీ హైకోర్టు, జన్యుపరమైన జబ్బు అన్న ఒక్క మాటతో అన్నిటినీ కలిపి తోసెయ్యడం వివక్ష అంది. కేసు తర్వాత సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రాజ్యాంగంలో సమానత్వం మనుషులకే, కుక్కకి ఉండదు, నిజమే. కానీ పగ్ పేరు చెప్పి ప్రీమియం తీసుకుంటూ, పగ్‌కి వచ్చే జబ్బులే ఇవ్వం అనే మాటని పద్దెనిమిదో పేజీలో పెట్టకుండా మొదటి పేజీలో తెలుగులో రాస్తే ఏం పోయింది?

నిజానికి జంతువుల బీమా మన డెల్టాకి బాగా తెలుసు. నాగాయలంక దగ్గర మా తాతయ్య గేదెలకి చెవి ట్యాగ్ ఉంటుంది. ట్యాగ్ లేకపోతే క్లెయిమ్ లేదు, అంతే. గేదె చచ్చిపోతే డాక్టరు సర్టిఫికెట్, దాని ధర, డబ్బు. కేంద్రం 2024లో మార్చిన నిబంధనల ప్రకారం ప్రీమియంలో రైతు వాటా 15 శాతం, మిగతాది ప్రభుత్వాలది. 1977 నవంబర్ 19 ఉప్పెనలో దివిసీమ ఎన్ని పశువుల్ని పోగొట్టుకుందో విని పెరిగినవాళ్లకి పశువుల బీమా ఎందుకో ఎవరూ వివరించక్కర్లేదు. అసలు బందరుకి బీమా వ్యాపారమే పాతది, పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టింది అక్కడే. కానీ గేదె బీమా గేదె ధరకి. కుక్క బీమా అలా కాదు, కుక్క ధరకి నాలుగింతల వైద్యం చేయిస్తాం, ఎందుకంటే అది పాలివ్వకపోయినా మంచం కింద పడుకుంటుంది. పాత పశువుల బీమా లెక్క ఇక్కడ పనికిరాదు, కొత్త లెక్క ఇంకా కుదరలేదు.

ఇంట్లో ఇప్పటికే పగ్ ఉన్నవాళ్లకి నేను చెప్పగలిగేది ఇదీ. పాలసీ తీసుకునే ముందు కంపెనీకి ఈమెయిల్ రాసి, బోయాస్ ఆపరేషన్‌కి ఇస్తారా ఇవ్వరా అని జబ్బు పేరు పెట్టి అడగండి. ఏజెంట్ ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఇవ్వం అన్నా రోడ్డు ప్రమాదాల కోసం పాలసీ పనికొస్తుంది, అది వేరే విషయం. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే, ముందు కంపెనీకే ఫిర్యాదు చేసి, అక్కడ తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు. మన రాష్ట్రం, తెలంగాణ, యానాం ఆ ఆఫీసు కిందకే వస్తాయి. ఇంకా కొననివాళ్లు పిల్లని చూసే ముందు తల్లిని చూడండి. కేంబ్రిడ్జి యూనివర్సిటీ వాళ్లు కుక్కని మూడు నిమిషాలు చిన్నగా పరిగెత్తించి, ముందూ వెనకా ఊపిరి విని, సున్నా నుంచి మూడు దాకా గ్రేడు ఇచ్చే పద్ధతి పెట్టారు. అమ్మేవాడు మూడు నిమిషాలు తల్లిని పరిగెత్తించనివ్వకపోతే అక్కడే సమాధానం దొరికినట్టు. నెదర్లాండ్స్‌లో అయితే ముక్కు పొడవు తల పొడవులో మూడో వంతు కన్నా తక్కువ ఉన్న కుక్కల్ని జతకట్టించడమే నిషేధం.

మావయ్య పాలసీ తీసుకోలేదు. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో ఒకసారి చూపించి, అక్కడ చెప్పినదాన్ని బట్టి చలికాలంలో ఆపరేషన్ చేయిద్దామనుకుంటున్నారు. డబ్బు కోసం పోస్టాఫీసులో నెలకి రెండు వేలు కడుతున్నారు. ఈలోపు కుక్క రెండు కిలోలు తగ్గాలని డాక్టరు గారు గట్టిగా చెప్పారు, బరువు తగ్గితే ఊపిరి కొంచెం తేలికవుతుందట. అత్తయ్య పెరుగన్నం మానిపించింది. అది మాత్రం వంటింటి గుమ్మం దగ్గరే కూర్చుంటోంది.